హక్కుదారు లేని శవం: జాంబీ ఇంతలా ఎలా పాకింది?

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు తీసుకుని బతికే ఓ చిన్న బృందం 1968లో, చచ్చినవాళ్లు లేచి మనుషులను తినే కథతో, ఒక నలుపు తెలుపు సినిమా విడుదల చేసింది. ఖర్చు సుమారు లక్షా 14 వేల డాలర్లు. దర్శకుడు జార్జ్ రొమేరో. మొదట అనుకున్న పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. దాన్ని పోలిన పేరుతో అప్పటికే ఇంకో సినిమా ఉండడంతో పంపిణీ సంస్థ ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అని మార్చింది. పాత టైటిల్ కార్డు తీసేసి కొత్తది అతికించారు. కాపీరైట్ ప్రకటన ఉన్నది పాత కార్డు మీద. కొత్త కార్డు మీద దాన్ని వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. అప్పట్లో అమలులో ఉన్న 1909 నాటి చట్టం ప్రకారం ఆ ఒక్క వరుస లేకుండా ప్రింట్లు జనంలోకి వెళితే హక్కు పోయినట్టే. అలా పోయింది.

జాంబీల, అంటే ఇలా లేచి నడిచే శవాల, మోజు గురించి రాసేవాళ్లు ఎక్కువగా జనం భయాల దగ్గర మొదలుపెడతారు. ప్రచ్ఛన్న యుద్ధం, కొనుగోళ్ల పిచ్చి, అంటురోగాలు వగైరా. అందులో నిజం లేదని కాదు. కానీ భయాలను మోయడానికి రక్తపిశాచాలున్నాయి, తోడేలు మనుషులున్నారు, గ్రహాంతరవాసులున్నారు. వీళ్లందరినీ దాటుకుని జాంబీ ముందుకు రావడానికి కారణం చాలా నేలబారుది. దానికి యజమాని లేడు, తయారీకి పెద్ద ఖర్చు లేదు, దాని నియమాలు ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు.

యజమాని ఉంటే ఏమవుతుందో డ్రాక్యులా చరిత్ర చెబుతుంది. 1922లో జర్మనీలో ‘నోస్ఫెరాటు’ తీసినవాళ్లు బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’ నవలను అనుమతి లేకుండా వాడుకున్నారు. స్టోకర్ భార్య దావా వేసింది. సినిమా ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో కోర్టు ఆదేశించింది. అప్పటికే అక్కడక్కడా చేరిపోయిన ప్రింట్లు ఉండబట్టి ఇవాళ ఆ సినిమా మిగిలింది. ఫ్రాంకెన్‌స్టయిన్ సంగతి ఇంకో రకం. నవల మీద ఎవరికీ హక్కు లేదు. కానీ బల్లపరుపు నెత్తి, మెడకు అటూ ఇటూ బోల్టులు ఉన్న ఆ రాక్షసుడి ముఖం 1931లో యూనివర్సల్ స్టూడియో తయారు చేసుకున్నది. దాన్ని అలాగే దించేస్తే ఆ స్టూడియో లాయర్ల నుంచి కబురు వస్తుంది.

ఇక్కడ చట్టం విషయంలో ఒక చిన్న తేడా గమనించాలి. చచ్చినవాళ్లు లేచి నడవడమనే ఆలోచనకు కాపీరైట్ ఉండదు. రొమేరో సినిమాకు హక్కు నిలిచి ఉన్నా, ఆలోచన మాత్రం అందరిదే. 2008లో ఇది కోర్టులో తేలింది కూడా. షాపింగ్ మాల్‌లో జాంబీలతో తలపడే వీడియో ఆట ‘డెడ్ రైజింగ్’కూ, 1978లో రొమేరో తీసిన ‘డాన్ ఆఫ్ ది డెడ్’కూ పోలికలున్నాయని ఆ సినిమా హక్కుదారులు వాదించారు. మాల్‌లో మనుషులు జాంబీలతో పోరాడడం అనేది ఎవరి సొత్తూ కాదని కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఆట తయారుదారుల వైపే తీర్పు చెప్పింది.

మరి టైటిల్ కార్డు పొరపాటు వల్ల ఒరిగిందేమిటంటే, ప్రచారం. అర్ధరాత్రి స్లాటు నింపుకోవలసిన టీవీ చానెల్‌కు ఈ సినిమా ఊరికే దొరికేది. 1980ల్లో వీడియో క్యాసెట్లు వచ్చాక ఎవరు పడితే వాళ్లు కాపీలు చేసి అమ్ముకున్నారు. తీసినవాళ్లకు రావలసిన డబ్బు రాలేదు. బదులుగా, తర్వాత సినిమాలు, ఆటలు, కామిక్స్ తీయబోయే ఒక తరం మొత్తం ఈ శవాలను చూస్తూ పెరిగింది. నెమ్మదిగా నడుస్తాయి, మనిషి మాంసం తింటాయి, కరిస్తే అంటుకుంటుంది, మెదడు మీద కొడితే తప్ప ఆగవు. ఈ నాలుగు నియమాలూ అందరికీ నోటికి వచ్చేశాయి. దానితో కొత్తగా కథ మొదలుపెట్టేవాళ్లకు వివరణ బరువు తప్పింది. తెర మీద ఒకడు కాలీడ్చుకుంటూ వస్తే చాలు, మిగతాదంతా ప్రేక్షకుడే పూరించుకుంటాడు.

యజమాని లేని జాంబీకి కూడా వేషం మారిస్తే యజమాని పుట్టుకొస్తాడు. ‘ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్’ ఆటలో మైకేల్ జాక్సన్‌ను తలపించేలా నాట్యం చేసే జాంబీ ఒకటి ఉండేది. జాక్సన్ ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్లు అభ్యంతరం చెప్పడంతో 2010లో దాన్ని తీసేసి డిస్కో వేషం వేశారు.

రొమేరోకు ముందు మాత్రం జాంబీకి యజమాని ఉండేవాడు. అసలు కథంతా ఆ యజమాని గురించే. ఫ్రెంచి పాలనలో సాన్ డొమింగ్‌గా పిలిచిన హైతీలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చెరకు తోటల్లో చచ్చేదాకా పనిచేసేవారు. చావు ఒక్కటే విడుదల అనుకునే మనిషికి, చచ్చాక కూడా లేపి పనిలో పెడతారన్న మాట కన్నా భయంకరమైనది ఉండదు. హైతీ జాంబీ ఎవరినీ కరవదు. మంత్రగాడు చెప్పిన పని చేస్తుంది. అక్కడి భయం జాంబీ మీద పడుతుందని కాదు, తాను జాంబీ అయిపోతానని.

1915 నుంచి 1934 వరకు అమెరికా సైన్యం హైతీని ఆక్రమించుకుని ఉంది. ఆ కాలంలో అక్కడికి వెళ్లిన విలియం సీబ్రుక్ 1929లో తెచ్చిన పుస్తకంలో హాస్కో అనే చక్కెర కంపెనీ పొలాల్లో చచ్చినవాళ్లు పనిచేస్తున్నారన్న కథ ఒకటి రాశాడు. జాంబీలకు ఉప్పు తగలకూడదన్నది అక్కడి నమ్మకం. వాటిని కాపలా కాసే ఆవిడ జాలిపడి మిఠాయి కొనిపెట్టింది. అందులోని పప్పులకు ఉప్పు పట్టించారని ఆమెకు తెలియదు. నాలుకకు ఉప్పు తగలగానే తాము చచ్చామన్న సంగతి వాటికి గుర్తొచ్చి, తిన్నగా తమ సమాధుల వైపు నడక మొదలుపెట్టాయట. 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’ సినిమాలో బెలా లుగోసి మంత్రగాడి వేషం వేశాడు. అందులోని చక్కెర మిల్లు దృశ్యంలో ఒక కూలీ జారి యంత్రంలో పడిపోతాడు. పక్కవాళ్లు తల కూడా తిప్పరు, యంత్రం కిర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. జాంబీ సినిమాలన్నిటిలో దీనికి మించిన దృశ్యాలు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రొమేరో చేసిన పని ఆ మంత్రగాడిని కథలోంచి తీసేయడం. శవాలను ఎవరు లేపారు, ఎందుకు లేపారు అన్న ప్రశ్నకు సినిమాలో గట్టి జవాబు లేదు. శుక్రగ్రహం నుంచి వచ్చిన ఉపగ్రహం, రేడియేషన్ అని టీవీ వార్తల్లో ఏదో గొణుగుతారు, అంతే. వ్యాపారపరంగా ఇది గొప్ప సౌలభ్యం. యజమాని పోవడంతో జాంబీ ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఇమిడే సరుకైంది. పోయింది హైతీవాళ్ల కథ. బానిసత్వం గురించిన అత్యంత నిర్దిష్టమైన భయం, దేని గురించీ కాని సాధారణ భయంగా మారింది. జాంబీలను వినియోగదారులకో ఓటర్లకో ప్రతీకగా చదివే విశ్లేషణలు అంత సులువుగా కుదరడానికి కారణం ఇదే. ఖాళీ పాత్రలో ఏది పోసినా పడుతుంది.

ఇక ఖర్చు సంగతి. నలుపు తెలుపు సినిమాలో రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది. రంగు ఎలాగూ కనపడదు, చిక్కదనమే కెమెరాకు కావాలి. పెట్టుబడి పెట్టినవాళ్లలో ఒకరిది మాంసం వ్యాపారం కావడంతో పేగులకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. పదేళ్ల తర్వాత రంగుల్లో తీసేసరికి ఈ సుఖం పోయింది. ‘డాన్ ఆఫ్ ది డెడ్’కు మేకప్ చేసిన టామ్ సావిని శవం రంగు రావాలని ముఖాలకు బూడిద రంగు పూయించాడు. మాల్ లైట్ల కింద అది కొన్ని షాట్లలో నీలంగా, కొన్నింట్లో ఆకుపచ్చగా పడింది. రక్తం కూడా పెయింటు డబ్బా బోర్లించినట్టు ఎర్రగా వచ్చింది. రంగు మేకప్ ఏదైనా షూటింగ్ జరిగే లైటు కిందే, వాడబోయే కెమెరాతోనే ముందుగా తీసి చూసుకోవాలన్నది అప్పటి నుంచి మేకప్‌వాళ్లకు పాఠం.

వంద జాంబీల గుంపు కావాలంటే వంద ముఖాలు తయారు చేయనక్కర్లేదు. గుంపును మూడు వరుసలుగా విడగొడతారు. కెమెరాకు దగ్గరగా వచ్చే కొద్దిమందికి సిలికాన్ లేదా ఫోమ్ లేటెక్స్ (మెత్తటి రబ్బరు) ముక్కలు అతికించి, కళ్లకు లెన్సులు, పళ్లకు నల్లరంగు వేస్తారు. ఒక్కొక్కరికి గంటన్నర నుంచి మూడు గంటలు. మధ్య వరుసకు రంగూ రక్తమూ చాలు, చెయ్యి తిరిగినవాళ్లు పావుగంటలో ఒకరిని పూర్తి చేస్తారు. వెనక వరుసకు తొడుగుడు మాస్కులు, మట్టి కొట్టుకుపోయిన బట్టలు. ఏ కారణం చేతైనా వెనక వరుసవాడు కెమెరా దగ్గరికి నడిచి వచ్చేశాడంటే ఆ టేకు వృథా. అందుకే గుంపు దృశ్యాల్లో ఎవరు ఏ గీత దాటి రాకూడదో నేల మీద గుర్తులు పెడతారు.

చేతిలో డబ్బు లేనివాళ్లు గాయం చేసే పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే. ద్రవ లేటెక్స్ ఒక పూత, దాని మీద ఒక పొరగా విడదీసిన టిష్యూ కాగితం, మళ్లీ లేటెక్స్. ఇలా మూడు నాలుగు పొరలు. ప్రతి పొరా చల్లని గాలితో ఆరనివ్వాలి. ఆరాక మధ్యలో చించితే చర్మం ఊడినట్టు అంచులు లేస్తాయి. లోపల ముదురు ఎరుపు, అంచులకు ఊదారంగు. కనుబొమల మీదా గడ్డం మీదా లేటెక్స్ పడితే తీసేటప్పుడు వెంట్రుకలు దానితోపాటే ఊడి వస్తాయి, కాబట్టి అక్కడ ముందు పెట్రోలియం జెల్లీ రాయాలి. లేటెక్స్ కొందరికి పడదు. ముందురోజే మోచేతి లోపలి వైపు కాస్త రాసి చూడకపోతే షూటింగ్ రోజున నిజంగానే ముఖం వాస్తుంది. లేటెక్స్ బదులు జెలటిన్ వాడితే ఎండలో కరిగి జారిపోతుంది.

రక్తానికి ఒక కప్పు కార్న్ సిరప్ (మొక్కజొన్న పాకం), రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, రెండు మూడు చుక్కల నీలం, ఒక చెంచా కోకో పొడి. నీలం లేకపోతే లైట్ల కింద గులాబీరంగు షర్బత్‌లా కనిపిస్తుంది. కోకో లేకపోతే అవతల వైపు కనిపించేంత పలచగా ఉంటుంది. బట్టల మీద వాడేదానిలో కొద్దిగా సబ్బు ద్రవం కలిపితే మరక వదలడం తేలిక. ఆ డబ్బా మీద చీటీ అంటించకపోతే మాత్రం ఎవరో ఒకరు దాన్నే నోట్లో పోసుకుంటారు.

ఇంత చేసినా నడక కుదరకపోతే మేకప్ అంతా దండగ. కొత్త ఎక్స్‌ట్రాలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. చేతులు ముందుకు చాచి, నోరు తెరిచి, అందరూ ఒకే లయలో ఊగుతారు. దాంతో గుంపు కాస్తా కవాతు అవుతుంది. అనుభవమున్నవాళ్లు ఒక్కొక్కరికి శరీరంలో ఒక్క చోటే దెబ్బ తగిలినట్టు ఊహించుకోమంటారు. ఒకరికి మడమ, ఒకరికి భుజం, ఒకరికి మెడ. మిగతా శరీరం ఆ ఒక్క లోపాన్ని సర్దుకుంటూ నడవాలి.

యజమాని లేకపోవడం, ఖర్చు తక్కువ, నియమాలను మార్చుకోవడం అన్న మూడు కారణాల్లో చివరిది లోతైన విషయం. జాంబీ కథకు తిప్పుకోదగిన మరలు నిజానికి రెండే. కాటుకూ మార్పుకూ మధ్య ఎంత సమయం, అవి ఎంత వేగంగా కదులుతాయి. మార్పుకు గంటలో రోజులో పడితే కాటును దాచిపెట్టే మనిషి పుడతాడు. తల్లి బిడ్డను కట్టేసి కూర్చుంటుంది, గుంపులో తగువు వస్తుంది. అంటే కథ నాటకం అవుతుంది. 2002లో డానీ బాయిల్ తీసిన ‘28 డేస్ లేటర్’లో ఆ సమయం 10 నుంచి 20 సెకన్లు. వీడ్కోలుకు వ్యవధే లేదు, పక్కవాడిని చంపాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేలాలి. కథ పరుగు పందెం అవుతుంది. అందులో ఉన్నవి చచ్చి లేచిన శవాలు కావనీ, రోగం అంటుకున్న బతికున్న మనుషులనీ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ తర్వాతి జాంబీల్లో చాలావరకు పరిగెత్తడం నేర్చుకున్నది అక్కడే. ఆ సినిమా చాలావరకు కెనాన్ ఎక్స్ఎల్1 అనే చిన్న డిజిటల్ కెమెరాతో తీశారు. తేలికగా ఉండే కెమెరాలు ఒకేసారి ఎన్నో పెట్టుకుని, తెల్లవారుజామున కొద్ది నిమిషాలే ట్రాఫిక్ ఆపించి లండన్‌ను ఖాళీ నగరంగా చూపించగలిగారు.

ఈ రెండు మరలనూ కలిపి తిప్పేటప్పుడు చాలా కథలు లెక్క తప్పుతాయి. ఒక జాంబీ గంటకొకరిని కరుస్తుంది, కరిచినవాళ్లూ అదే పని చేస్తారనుకుంటే 10 గంటలకు 1,024, 20 గంటలకు 10 లక్షలు దాటుతాయి. 33 గంటలకు సంఖ్య 850 కోట్లు దాటి భూమ్మీద మనుషులే మిగలరు. కాగితం మీద ఇంత సులువుగా ఉన్నది నిజంలో కుదరదు. జాంబీ చుట్టూ త్వరలోనే జాంబీలే మిగులుతాయి, కరవడానికి మనిషి దొరకాలంటే నడవాలి. పైగా 20 సెకన్లలో మారిపోయేవాడు విమానం ఎక్కలేడు. కాబట్టి క్షణాల్లో మార్పు, ఖండాల మధ్య వ్యాప్తి రెండూ ఒకే కథలో ఉంటే చదువరి ఎక్కడో అక్కడ పట్టేస్తాడు.

కెనడాకు చెందిన గణిత పరిశోధకులు 2009లో అంటువ్యాధుల నమూనాలనే జాంబీలకు వర్తింపజేశారు. మామూలు రోగంలో చనిపోయినవాళ్లు లెక్కలోంచి తొలగిపోతారు. ఇక్కడ వాళ్లు మళ్లీ శత్రుపక్షంలో చేరతారు, సమీకరణం తల్లకిందులయ్యేది ఆ ఒక్క మార్పుతోనే. ఆ నమూనాలో క్వారంటైన్ పనిచేయలేదు, మందు కనిపెట్టినా కొద్దిమందే మిగిలారు. వెంటనే, పదేపదే, ప్రతిసారీ ఇంకా గట్టిగా దాడి చేయడమొక్కటే ఫలించింది. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికా జనాభా పటం మీద ఇదే ఆట ఆడితే, జనం పలచగా ఉండే రాకీ పర్వతాల ఉత్తర భాగం అన్నిటికన్నా ఆలస్యంగా పడిపోయింది.

వీడియో ఆటల్లో జాంబీ నిలదొక్కుకోవడానికి కారణం ప్రోగ్రామర్ల కష్టాలు. మనిషి శత్రువును తెలివిగా కదిలించడం కష్టం. గోడకు గుద్దుకుని అక్కడే నడుస్తూ ఉన్న సైనికుడు నవ్వు తెప్పిస్తాడు, అదే పని జాంబీ చేస్తే సహజంగా ఉంటుంది. 1996లో క్యాప్‌కామ్ తెచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’ నడిచిన ప్లేస్టేషన్ ఆట యంత్రంలో ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. అందుకే ముందే గీసి పెట్టుకున్న నేపథ్యాలు, కదలని కెమెరా, ఒక గదిలో రెండు మూడు నెమ్మది శవాలు. గది మారేటప్పుడు తలుపు మెల్లగా తెరుచుకునే దృశ్యం డిస్కు నుంచి తర్వాతి గది లోడయ్యే సమయాన్ని కప్పిపుచ్చడానికి పెట్టినది. తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు కాబట్టి నెమ్మదిగా వచ్చే శవం కూడా భయపెట్టింది. తూటాలు ధారాళంగా ఇచ్చి చూడండి, అదే శవం చెత్త ఊడ్చే పనిలా తయారవుతుంది.

2008లో వాల్వ్ తెచ్చిన ‘లెఫ్ట్ ఫోర్ డెడ్’ ఇంకో దారి పట్టింది. తెర వెనక ఒక ప్రోగ్రాం ఒక్కో ఆటగాడు ఎంత ఒత్తిడిలో ఉన్నాడో అంచనా వేస్తుంది. ఒత్తిడి శిఖరానికి చేరాక మూడు నుంచి అయిదు సెకన్లు అక్కడే నిలిపి, దాడులు తగ్గించి, 30 నుంచి 45 సెకన్లు ఊపిరి తీసుకోనిస్తుంది. మామూలు జాంబీలు ఒకేసారి 30కి మించవు. వందలున్నట్టు అనిపించడం ఆ ఎత్తుపల్లాల లయ వల్లే. మామూలు జాంబీ కొద్దిసేపటికే విసుగు పుట్టిస్తుందని ఆ రంగంలో అందరికీ తెలుసు. అందుకే నాలుకతో లాగేది, మీదికి దూకేది, పేలిపోయేది అంటూ ప్రత్యేక రకాలు మధ్యలో వదులుతారు.

ప్రభుత్వాలు కూడా ఈ హక్కుదారు లేని సరుకును వాడుకున్నాయి. 2011 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, తుపాన్ల కాలానికి ముందు, జాంబీ ప్రళయానికి సిద్ధంగా ఉండండి అంటూ సూచనలు పెట్టింది. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్లు, నిలవ ఉండే తిండి, మందులు, ముఖ్యమైన కాగితాలు. తుపానుకు కావలసినవి కూడా ఇవే. చూడటానికి వచ్చిన జనం తాకిడికి సర్వర్ కుప్పకూలింది. అదే ఏడాది అమెరికా సైన్యంలో యువ అధికారులకు ప్రణాళిక రచన నేర్పడానికి ‘కాన్‌ప్లాన్ 8888’ పేరుతో జాంబీల మీద యుద్ధ ప్రణాళిక రాశారు. నిజమైన దేశం పేరు పెట్టి అభ్యాసం చేస్తే, అది బయటికి పొక్కితే దౌత్యపరమైన గొడవ. జాంబీలకు రాయబారి కార్యాలయం లేదు.

ఇంత విస్తరించినదానికి అలసట తప్పదు. ‘ది వాకింగ్ డెడ్’ ధారావాహిక అయిదో సీజన్ తొలి భాగాన్ని 2014లో అమెరికాలో కోటి 70 లక్షల మందికి పైగా చూశారు. 2022లో ముగింపు భాగానికి మిగిలింది 20 లక్షల చిల్లర. ఇందులో కథనం లోపాలు సరే, పదార్థంలోనే ఒక లోపం ఉంది. జాంబీ ఏమీ నేర్చుకోదు, మారదు. మనుషులు మాత్రం నేర్చుకుంటారు. రెండు మూడు సీజన్లకల్లా పాత్రలు శవాలను కంచెలోంచి పొడిచేసి అన్నం తినడానికి వెళతాయి. భయం నిలబెట్టాలంటే రచయిత శత్రువును మనుషుల్లోకి మార్చాలి, అలా మార్చాక జాంబీలు వెనక తెరలా మిగిలిపోతాయి.

ఈ లోపాన్ని కొరియావాళ్లు మెరుగ్గా అర్థం చేసుకున్నారని చెప్పాలి. జాంబీ మారదు కాబట్టి చోటును బిగించారు. 2016 నాటి ‘ట్రెయిన్ టు బుసాన్’లో పెట్టెకు పెట్టె దాటుకుంటూ పోవడమే కథ. చీకట్లో అవి చూడలేవు, సొరంగం వచ్చినప్పుడల్లా కొన్ని క్షణాలు దొరుకుతాయి. 2019 నాటి ‘కింగ్‌డమ్’ ధారావాహికలో రాజు చచ్చాడో బతికాడో దాచిపెట్టడం మీద వారసత్వం ఆధారపడి ఉంది. అంటే జాంబీకి మళ్లీ యజమాని వచ్చాడు, హైతీ కథలోలాగే శవాన్ని లేపినవాడికి ఒక స్వార్థం ఉంది. ఇటీవలి జాంబీ కథల్లో అది బలంగా నిలబడడానికి ఇదే ముఖ్య కారణమనిపిస్తుంది.

జపాన్‌లో 2017లో వచ్చిన ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ ఇంకో కిటుకు వేసింది. మొదటి 37 నిమిషాలు ఆగకుండా ఒకే షాట్‌లో, కావాలని నాసిరకంగా కనిపించే జాంబీ సినిమా నడుస్తుంది. తర్వాతి భాగంలో దాన్ని తీసిన బృందం తంటాలు చూపిస్తారు. ఎక్కడ ఎవరు తాగి పడిపోయారో, ఏ చెయ్యి ఎవరు విసిరారో అప్పుడు తెలుస్తుంది. పెట్టింది సుమారు 30 లక్షల యెన్లు, వసూలైంది 300 కోట్ల యెన్ల పైమాటే.